మూడు చుట్ల తీగ

మా పెద్దనాన్న జంపయ్యకు ఓర్పు ఎక్కువని ఊళ్ళో అందరూ మెచ్చుకుంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. ఓర్పట, ఓర్పు! తప్పు చేశానన్న భయంతో పద్నాలుగేళ్ళు తలెత్తని మనిషికి వీళ్ళు పెట్టిన ముద్దుపేరు అది.

ఆయన బొగ్గు గనిలో డోజర్ మెకానిక్. వర్క్‌షాపులో ఒక ఆనవాయితీ ఉండేది: బ్రేకు చేసినవాడే ముందు బండెక్కి నడిపి చూపాలి, ఆ తరవాతే ఆపరేటర్‌కు ఇవ్వాలి. ఒకరోజు జ్వరంతో వణుకుతూ, అసిస్టెంట్‌తో కలిసి బ్రేకులు బిగించాడు గానీ ట్రయల్‌కు ఎక్కలేకపోయాడు. ఆ డోజర్ వాలులో బోల్తాపడి, నడుపుతున్న లాలుకు కాలు పోయింది. బ్రేకు రాడ్డు ఊడకుండా పెట్టే పిన్ను ఉండాల్సిన చోట తెగిన ఇనుప తీగ దొరికింది. "అన్ననే కట్టిండు, నేను చూసిన" అని ఆ అసిస్టెంట్ శ్రీనివాస్ విచారణలో చెప్పాడు. లాలు అప్పటికి ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు. పెద్దనాన్నకు తీగ కట్టిన గుర్తే లేదు. జ్వరంలో కట్టే ఉంటాననుకుని, తప్పు తనదేనని సంతకం పెట్టాడు.

లాలు ఉండే తండా మా ఊరి పక్కనే. పెద్దనాన్న ఆ దారి మానేసి చేల మీదుగా చుట్టు తిరిగి పోయేవాడు. పండగ పండగకూ శ్రీనివాస్ వచ్చి, "పొరపాటు ఎవరికైనా అయితది అన్నా" అని ఓదార్చేవాడు. మేం కోడి కోసి పెట్టేవాళ్ళం.

ఈ వేసవిలో అతనే ఒక పని తెచ్చాడు. ఖమ్మం ఆసామి ఒకాయన ట్యాంకులా చైన్ల మీద నడిచే పాత మిలిటరీ బండి సరదాకు కొని, ఇల్లందు రోడ్డులో షెడ్డు కింద పెట్టాడు. దానికి స్టీరింగ్ చక్రం ఉండదు, రెండు లివర్లే. ఎడమది లాగితే ఎడమ చైనుకు బ్రేకు పడి బండి అటు తిరుగుతుంది. బ్రేకు పోయిందంటే ఆగడమూ లేదు, తిరగడమూ లేదు.

"డోజర్ లెక్కనే అన్నా. నువ్వు తప్ప ఎవ్వరు చెయ్యలేరు" అన్నాడు శ్రీనివాస్.

రోజూ పెద్దనాన్నను నా స్కూటీ మీద దింపేదాన్ని. "వనజా, గీ బండి నా చేతుల మీద సక్కగ ఆగితే, లాలు ముంగట నిలబడొచ్చేమో బిడ్డా" అన్నాడు ఒకరోజు. నాకు ఏడుపొచ్చింది.

తుప్పుకు బిగుసుకుపోయిన లివర్లను నాలుగు రోజులు డీజిల్‌లో నానబెట్టాడు. బ్రేకు డ్రమ్ములు రుద్దాడు, వాటికి కొత్త లైనింగులు రివెట్లు కొట్టి వేశాడు. రెండు లివర్లూ ఒకేలా పట్టేదాకా ఐదు వారాలు విసుగు లేకుండా సరిచేశాడు. ఆఖర్న కుడివైపు రాడ్డు బిగించే పని శ్రీనివాస్‌కు అప్పజెప్పాడు.

ట్రయల్ ఆదివారం. ఎక్కేముందు ఒకసారి బండి కిందికి దూరి చూసుకోవడం పెద్దనాన్న అలవాటు. నేను టార్చి పట్టుకున్నాను. ఎడమ రాడ్డుకు ఆయన పిన్ను, రెండు కాళ్ళూ విడదీసి వంచి ఉంది. కుడి రాడ్డుకు ఇనుప తీగ. మూడు చుట్లు, ఎడమకు మెలి, కొస లోపలికి మడత. విచారణ రోజు బల్ల మీద చూసిన తీగ అచ్చం ఇలాంటిదేనని, అప్పుడు మెలి ఎటుందో పట్టించుకోలేదని పెద్దనాన్న తరవాత చెప్పాడు. శ్రీనివాస్‌ది ఎడమచేతి వాటం. పెద్దనాన్న ఆ మెలిని వేలితో తడిమి, బయటికి వచ్చాడు.

"శీనూ, ఇది నువ్వే కట్టినవా?"

"అవ్ అన్నా. పిన్ను దొరకలే. గీ పూటకు సరిపోతది."

పిన్నుల డబ్బా బల్ల మీదే ఉంది.

"అయితే ఎక్కు. బ్రేకు చేసినోడే ముందు ఎక్కాలె."

శ్రీనివాస్ ముందున్న వాలు వంక చూశాడు. "నాకు నడుం నొస్తుందన్నా. నువ్వే ఎక్కు."

"లాలును గూడ గిట్లనే ఎక్కించినవా?"

అతని మొహం పాలిపోయింది. "అప్పుడు కొత్త నౌకరి అన్నా, పోతదని భయపడ్డ..." అన్నాడు. నేను చెప్పు తీయబోతే పెద్దనాన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

తీగ విప్పి జేబులో వేసుకున్నాడు. పిన్ను పెట్టి రెండు కాళ్ళూ వంచి బండెక్కాడు. వాలు దిగి, ఎడమకూ కుడికీ తిప్పి, మధ్యలో ఆపాడు. ఇంచు కూడా జారలేదు. ఆయన మొహంలో సంతోషమన్నది లేదు.

అటునుంచి అటే స్కూటీని తండాకు పోనివ్వమన్నాడు నన్ను. లాలు కర్ర ఆనించుకుని గడపలో కూర్చున్నాడు. పెద్దనాన్న తీగ తీసి అతని చేతిలో పెట్టాడు. లాలు అటూ ఇటూ తిప్పి, వర్క్‌షాపులో చూసి ఎరిగిన ఆ ఎడమచేతి మెలి దగ్గర ఆగాడు.

"శీనుగాడిది" అన్నాడు.

అప్పుడు పెద్దనాన్న ఆ గడపలోనే కూలబడ్డాడు. విచారణ రోజున కూడా కన్నీరు పెట్టని మనిషి వెక్కివెక్కి ఏడ్చాడు.

"పద్నాలుగేండ్లు వాడే వచ్చి నన్ను ఓదార్చిండు లాలూ. నా ఇంట్ల కూసొని, నా బువ్వ తినుకుంట ఓదార్చిండు."