ముందే ఎంచి పెట్టిన జవాబు

మా అక్క జెరాక్స్ షాపులో టైపు చేస్తూనే, ఖాళీ దొరికినప్పుడల్లా వెబ్ పేజీలు తయారు చేసే హెచ్‌టీఎంఎల్ నేర్చుకుంది. ఎవరూ నేర్పలేదు. ఒక ట్యాగు మూయడం మర్చిపోతే పేజీ అంతా చెదిరిపోతుందని మూడు రోజులు తల పట్టుకుని తెలుసుకుంది. నేను కాలేజీ మానేసిన ఏడాదే ఆమెకు ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. అమ్మ ఇద్దరినీ కలిపే దులిపేది. "ఒకత్తి చదివించకపోయినా నేర్చుకుంది, ఒకడు చదివించినా నేర్చుకోలేదు."

అక్క చెప్పబట్టే నాకూ అక్కడ వ్యాను నడిపే పని దొరికింది. డయాలసిస్ రోగుల్లో నడవలేని వాళ్లను ఇంటి దగ్గర స్ట్రెచర్ మీద ఎక్కించుకుని రావాలి, అయ్యాక దింపాలి. ఎవరింటికి వెళ్లాలో అక్క తయారు చేసిన ఫారమే చెప్పేది. రోగి ఇంట్లోవాళ్లు ఫోన్లో ఆ పేజీ తెరిచి గడులు నింపి 'పంపు' నొక్కితే, నడవలేని వాళ్ల పేర్లు పొద్దున్నే నాకు చేరేవి.

అక్క గదికి కిటికీ లేదు. పక్కన మందుల గోదాము. రెండు కుర్చీలుంటే ఆమెదానికి వీపు విరిగిపోయింది. పై ఆఫీసరును అందరూ సంతకాలాయన అనేవాళ్లు. చదవకుండా పెట్టడంలో ఆయనకు సాటి లేదు.

ఫారం గురించి అక్కకు ఒక పట్టుదల ఉండేది. "జబ్బు మనిషిని పెట్టుకున్న ఇంట్లో ఎవరికీ ఓపిక ఉండదురా. ఎంత తక్కువ నొక్కిస్తే అంత పుణ్యం." అందుకని ప్రతి ప్రశ్న కింది జవాబుల జాబితాలోనూ ఎక్కువమంది ఇచ్చే జవాబును తనే ముందుగా ఎంచి పెట్టేది. కోడ్‌లో 'సెలెక్టెడ్' అని ఒక్క మాట చేరిస్తే చాలు. 'రోగి నడవగలరా?' అన్న చోట 'నడవగలరు' అని ముందే పడి ఉండేది. పదిమందిలో తొమ్మిదిమంది నడిచే వచ్చేవాళ్లు మరి.

ఒక గురువారం మధ్యాహ్నం నేను వ్యాను తాళం కోసం ఆ గదికి వెళ్లేసరికి, ఒకావిడ ఫైలు పట్టుకుని నిలబడి ఉంది. వాళ్ల నాన్న దర్జీ. ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఫారం నింపి వ్యాను కోసం ఎదురుచూసింది. ఫోన్ చేస్తే "లిస్టులో ఉంటే వస్తుంది" అన్నారట. ముసలాయనకు మూడు డయాలసిస్‌లు తప్పాయి. పోయిన వారం చనిపోయాడు. ఆ రోజుల్లో నేను వాళ్ల వీధి మీదుగానే వెళ్లాను, ఇంకొకరి కోసం.

ఆవిడ గొడవకు రాలేదు. చేతిలో ఆ ఫారం ప్రింటు కాగితం ఉంది, సంతకాలాయన ఇచ్చింది. "నడవగలరు అని నేనే పెట్టానంటున్నారు. మా నాన్న మంచం దిగక ఏడాదయింది. నేనెందుకు పెడతానమ్మా? నువ్వే చంపావని మా అన్నలు ముఖం మీదే అంటున్నారు. నిజంగా నేనే పెట్టానా, చూసి చెప్పు."

అంతలో సంతకాలాయన గుమ్మంలోకి వచ్చాడు. "అమ్మాయ్, ఆవిడకి కాసిని మంచినీళ్లిచ్చి పంపించు," అన్నాడు, కళ్లతో ఇంకేదో చెబుతూ.

అక్క నీళ్లిచ్చింది. పంపలేదు. ఫారం కొత్తగా తెరిచి, ఏదో పేరు కొట్టి, వయసు కొట్టి, నడక సంగతి ముట్టుకోకుండా 'పంపు' నొక్కింది. నమోదైన వివరాలను తెర మీద ఆవిడకు చూపించింది. నడవగలరు.

"మీరు పెట్టలేదండీ. నేను పెట్టాను."

ఆవిడ తన చేతిలోని ప్రింటును తెర పక్కన పెట్టి చూసుకుంది. తిట్టలేదు. "ఈ మాట మా అన్నలకి రాసిస్తావా?" అంది.

"ఏం రాస్తావ్?" అన్నాడు సంతకాలాయన. "ఆ కాగితం గడప దాటితే నీ కుర్చీ ఉండదు."

"దానికి ఎలాగూ వీపు లేదు కదా సార్," అంది అక్క, రాస్తూనే. ఆవిడ కాగితం మడిచి ఫైల్లో పెట్టుకుంది. గుమ్మం దగ్గర ఆగి, "నేనూ ఒకసారి సరిచూసుకోవాల్సింది," అని వెళ్లిపోయింది.

సాయంత్రం లోపు గది ఖాళీ చెయ్యమన్నారు. అక్క ముందు ఆ 'సెలెక్టెడ్' తీసేసింది. ఏదో ఒకటి ఎంచకపోతే ఫారం కదలకుండా చేసింది. తర్వాత 'నడవగలరు' అని ఉండీ వార్డుకు రాని వాళ్లను ఏరింది. దర్జీ కాక ఆరుగురు తేలారు. వరసగా ఫోన్లు చేసింది. నలుగురు వేరే ఆసుపత్రికి మారారు. అయిదో ఇంట్లో, "వ్యాను ఎప్పుడొస్తుందమ్మా, రోజూ చూస్తూనే ఉన్నాం," అన్నారు. నేను తాళం అందుకున్నాను. అంతలోనే ఆరో ఇంటికి ఫోన్ కలిసింది.

"ఆయనా? పోయి పదకొండు రోజులైందమ్మా," అంది అవతల ముసలి గొంతు.

"ఫారం ఎవరు నింపారండీ?"

"మా కోడలు. ఎందుకు?"

అక్క ఇంకో తెల్లకాగితం ముందుకు లాక్కుంది. "ఆమెకి ఒక ఉత్తరం పంపాలి. అడ్రసు చెప్పండి," అంది.