మధ్యాహ్నం మూడింటికి మోగని ఫోన్

నవ్వుకోండి, పర్వాలేదు. టీ కూడా నేనే చెప్తాను. మా అమ్మకూ మా పెద్దమ్మకూ మధ్య మాటలు బంద్ చేసిన దుర్మార్గుడు ఎవడో మొన్న తేలిపోయింది! వాణ్ని పట్టుకోవడానికి నేను ఫోన్ కంపెనీ మీద గొంతు పోయేలా అరిచాను, టెక్నీషియన్‌ను మళ్ళీ మళ్ళీ ఇంటికి రప్పించాను, మీకందరికీ "ఆ కనెక్షన్ మాత్రం తీసుకోవద్దప్పా" అని సలహా కూడా ఇచ్చాను. ఆ సలహా ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

గాంధీనగర్‌లో ఇల్లు కట్టినప్పటి నుంచీ మా ఇంట్లో ల్యాండ్‌లైన్ ఉందని మీకు తెలుసు కదా. అమ్మ గదిలో, కిటికీ పక్కన, చిన్న టీపాయ్ మీద. ఎండాకాలం కరెంటు పోయి, ఫ్యాన్లు ఆగి, మనం చొక్కా విప్పి విసురుకుంటూ కూర్చున్నా ఆ ఫోన్ మాత్రం హాయిగా మోగేది. ప్లగ్గు లేదు, ఛార్జింగ్ లేదు. గోడలోంచి ఒక సన్న వైరు, అంతే. దానికి కావాల్సిన కరెంటు ఆ వైర్లోనే ఎక్స్ఛేంజి నుంచి వస్తుందట, నాకు ఈ మధ్యే తెలిసింది. అంతవరకు ల్యాండ్‌లైన్ అంటే ఎవరి తోడూ లేకుండా తనంతట తనే బతికే వస్తువు అనుకున్నాను.

మా అమ్మకు చెవులు కాస్త మందం. సెల్‌ఫోన్ ఇస్తే "ఏమో అప్పా, బావిలోంచి మాట్లాడినట్ల ఉండాది" అని తిరిగి ఇచ్చేస్తుంది. ఆ పాత రిసీవర్ చెవికి ఆనించుకుంటే మాత్రం గుసగుసలు కూడా వినిపిస్తాయి. అందులో ఆమెకు రోజూ వచ్చే ఫోన్ ఒక్కటే. రూపనగుడి నుంచి మా పెద్దమ్మ, అంటే అమ్మకు సొంత అక్క, మధ్యాహ్నం మూడింటికి చేస్తుంది. ఆ టైముకు పెద్దమ్మ ఇంట్లో అందరూ చేనికి పోయి ఉంటారు, కోడళ్ళ సంగతులు గొంతు తగ్గించకుండా చెప్పుకోవచ్చు. సాయంత్రమైతే గొడ్లు, పాలు, టీవీ, ఇంటినిండా చెవులు. కాబట్టి మూడింటికే. నేను అంగడి మూసి ఇంటికొచ్చి, అన్నం తిని, హాల్లో దివాన్ మీద పడుకుంటే లోపలి నుంచి అమ్మ నవ్వు వినిపిస్తూ ఉండేది. అదే నాకు జోలపాట.

పాత లైన్ ఈ మధ్య గరగరమనడం మొదలుపెట్టింది. సరే అని ఫైబర్ పెట్టించాను. టెక్నీషియన్ మంచి పిల్లగాడు. హాల్లో గోడకు తెల్ల పెట్టె ఒకటి బిగించి, దాన్నుంచి అమ్మ గదిలోకి వైరు లాగాడు.

"పాత ఫోన్ అట్లే పెట్టుకోండి సార్. నంబర్ కూడా అదే. ఇప్పుడు ఇంటర్నెట్ మీద నడుస్తాది, అంతే."

నేను "సరే సరే" అన్నాను. అదే ఫోన్, అదే టీపాయ్, అదే నంబర్! నా బుర్రలో ఏం స్థిరపడిందంటే, పెట్టె అంటే ఇంటర్నెట్, ఫోన్ అంటే ఫోన్. ఒకే ఇంట్లో ఉన్నా ఎవరి వంట వాళ్ళదే అనుకున్నాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంకొకటి జరిగింది. మా బంధువుల గృహప్రవేశానికి పెద్దమ్మ ఓళిగలు, అవే బొబ్బట్లు, చేసి తెచ్చింది. ఓళిగలంటే ఆమెకు ప్రాణం, పేరు కూడా ఉంది. మా అమ్మ నలుగురిలో ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుని "బెల్లం తక్కువైనట్లుందే అక్కా" అనేసింది. పెద్దమ్మ ఏమీ అనలేదు. అదే భయం! మా పెద్దమ్మ తిడితే ఏమీ కాదు, ఊరుకుంటేనే ప్రమాదం.

మర్నాడు మూడింటికి ఫోన్ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

"కోపమొచ్చిందిరా దానికి. నేను నోరు మూసుకోని తినింటే సరిపోయేది," అంది అమ్మ.

"నువ్వే ఒకసారి చేయరాదామ్మా?"

"చేస్తే, ఎత్తకపోతే?"

నేను మాట్లాడతానంటే ఒప్పుకోలేదు, "అక్కచెల్లెళ్ళ మధ్య నువ్వు దూరొద్దు" అంది. మధ్యాహ్నమైతే చాలు, ఆ టీపాయ్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది. కనీసం రిసీవర్ ఎత్తి చూడమంటే అదీ ఎత్తదు!

"ఎత్తితే ఎంగేజ్ వస్తాది. సరిగ్గా ఆ పొద్దే అక్క చేస్తే?"

జీవితమంతా ల్యాండ్‌లైన్‌తో గడిపిన మనిషి లాజిక్కు అది. ఎత్తి ఉంటే అందులో 'కుయ్' శబ్దం లేదని మొదటి రోజే తెలిసిపోయేది. అన్నం కూడా సరిగా తినడం మానేసింది. నాకు నిజంగా బాధేసింది. బాధేస్తే నేనేం చేస్తాను? ఎవరో ఒకరి మీద అరుస్తాను. మీకు తెలిసిందే!

ముందు ఫోన్ పనిచేస్తోందో లేదో చూద్దామని ఒక సాయంత్రం హాల్లో నుంచి నా సెల్‌తో ఇంటి నంబర్‌కు కొట్టాను. లోపల ట్రింగ్‌మని మోగింది. కుర్చీ కాలికి తగిలిన చప్పుడు, ఆ వెంటనే అమ్మ గొంతు, "అక్కా! చెప్పక్కా!"

"నేనమ్మా... ఊరికే టెస్ట్ చేస్తున్నా," అన్నాను.

ఆమె టక్కున పెట్టేసింది. ఆ పూట నాకు ముద్ద దిగలేదు.

అయినా కంపెనీ మీద అనుమానం మాత్రం పోలేదు. టెక్నీషియన్ పొద్దున పూట వచ్చాడు, చూశాడు, "లైన్ చెన్నాగిదె సార్" అని కన్నడంలో బాగుందన్నాడు. రెండోసారి పిలిచాను. మళ్ళీ చెన్నాగిదె! మధ్యాహ్నం కాల్స్ రావడం లేదు మహానుభావా అంటే, పాపం అతను అడగాల్సిందే అడిగాడు.

"మధ్యాహ్నం ఈడ కరెంటు పోతాదా సార్? పెట్టెకు కరెంటు లేకుంటే ఫోన్ రాదు."

నేను రొమ్ము విరుచుకున్నాను. "మా ఇంట్లో కరెంటు పోయే ప్రశ్నే లేదప్పా. ఇన్వర్టర్ ఉంది. ఆ పెట్టె బోర్డుకు కూడా దాన్నుంచే లైన్ ఇచ్చాము. నువ్వు మీ ఆఫీసులో చూసుకో!"

అతను తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు. నేను ఎప్పటిలాగే అన్నం తిని, ఎప్పటిలాగే ఆ తెల్ల పెట్టె స్విచ్ ఆపేసి పడుకున్నాను.

ఆ, ఆపేసే! మొహాలు అట్లా పెట్టకండి. సరిగ్గా నా కళ్ళకెదురుగా పచ్చ లైట్లు టిక్కు టిక్కుమని కొడుతుంటే నిద్రెట్లా పడుతుంది? మా ఆవిడ స్కూల్లో, పిల్లలు కాలేజీలో. ఆ టైములో ఇంటర్నెట్ ఎవరికి కావాలి? కరెంటు దండగ. లేచాక ఆన్ చేసేవాణ్ణి, వాట్సాప్ చూసుకోవాలి కదా. ఇంతకాలం ప్లగ్గు లేకుండా బతికిన ఫోన్‌కు ఇప్పుడు ప్లగ్గు కావాలంటే నా బుర్రకు ఎక్కలేదు. అతను చెప్పినా ఎక్కలేదు!

ఇక మొన్న. నేను మంచి నిద్రలో ఉన్నాను. గేటు ధడాలుమంది. లేచి చూస్తే గుమ్మంలో పెద్దమ్మ! రూపనగుడి బస్సు దిగి ఎండలో నడిచి వచ్చింది. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో బటన్ల సెల్.

"యాడుంది నా చెల్లెలు? పిలువప్పా దాన్ని!"

అమ్మ బయటికి వచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మొదలైంది!

"ఏమే, నా ఫోన్ వస్తాదని వైరు పీకి పెట్టినావా?"

"నేను పీకేదేందక్కా? నువ్వే చేయలేదు. పొద్దస్తమానం ఆడే కూసోనుండా!"

"నేను చేయలేదా? రోజూ చేస్తి! ఎవురో ఆడమనిషి ఎత్తి, ఈ నంబర్ అందుబాటులో లేదు అంటాది. నువ్వే చెప్పించినావు అనుకొంటి. బెల్లం తక్కువైందని అక్కనే వద్దనుకొంటివా?"

అమ్మ కళ్ళల్లో నీళ్ళు. పెద్దమ్మ కళ్ళల్లోనూ నీళ్ళు, కానీ గొంతు మాత్రం తగ్గడం లేదు. సంచిలోంచి డబ్బా తీసి టేబుల్ మీద ఠక్కున పెట్టింది.

"బెల్లం ఎక్కువేసి చేసుకొచ్చినా. తిని చెప్పు, ఇప్పుడు సాలునా?"

కొట్లాటకు ఓళిగలు కట్టుకుని వచ్చే మనిషిని మీరెక్కడైనా చూశారా?

"పెద్దమ్మా, తప్పు మీ ఇద్దరిదీ కాదు, ఆ కంపెనీ వాళ్ళది," అని నేను లీడర్‌లా మధ్యలోకి వచ్చాను. "నువ్వు ఇప్పుడు మా నంబర్‌కు చెయ్యి. నేను వీడియో తీసి వాళ్ళకు పంపుతాను. సాక్ష్యం!"

పెద్దమ్మ సెల్లో రెండో బటన్ గట్టిగా నొక్కి పట్టింది. మనవడు ఆ ఒక్క బటన్ కింద మా నంబర్ పెట్టి ఇచ్చాడు, ఆమెకు వేరే నంబర్లతో పనిలేదు. స్పీకర్లో ఆ రికార్డు గొంతు చక్కగా చెప్పింది, అందుబాటులో లేదని.

"విన్యావా? రోజూ ఇదే చెప్తాది!"

నేను వీడియో తీశాను. పంపబోతే డేటా అయిపోయింది. సరే, వైఫైలో పంపుదామని వెళ్ళి పెట్టె స్విచ్ వేశాను. అప్పుడైనా వెలగాలి కదా నాకు? వెలగలేదండీ! పెట్టెలో లైట్లు వెలిగాయి, అంతే. పెద్దమ్మ మాత్రం పళ్ళు కొరుకుతూ ఆ రెండో బటన్ నొక్కుతూనే ఉంది.

ట్రింగ్! ట్రింగ్!

అమ్మ గదిలోకి పరుగెత్తింది. ఆ వయసులో ఆమె అట్లా పరుగెత్తడం నేను చూడలేదు.

"హలో? అక్కా?"

"ఆ, నేనేమే!" అంది పెద్దమ్మ హాల్లో నిలబడి.

ఇప్పుడు పెట్టేసి ఎదురెదురుగా కూర్చుంటారు అనుకున్నాను. ఊహూఁ! అమ్మ లోపల కుర్చీలో, పెద్దమ్మ హాల్లో నా దివాన్ మీద, ఫోన్లోనే మాట్లాడుకుంటున్నారు.

"ఆ పొద్దు నోరు జారితినక్కా. మనసులో పెట్టుకోవద్దు."

"పోనీలే. నిజంగానే తక్కువైంది. నేను ఇంటికి పోయి తింటే తెలిసె. గానీ నలుగురిలో అనొద్దు."

నా చెయ్యి ఇంకా స్విచ్ మీదే ఉంది. పెద్దమ్మ చూపు నా చేతి మీద పడింది. తర్వాత పెట్టె మీద. తర్వాత నా నిద్రమొహం మీద.

"ఏమప్పా, నువ్వు ఆ స్విచ్ ఏసినాకనే కదా మోగింది?"

"అది... ఇంటర్నెట్‌ది పెద్దమ్మా."

"రోజూ ఈ టైముకు ఆపి పెడతావా?"

"పడుకునేటప్పుడు... లైట్లు కళ్ళల్లో పడతాయని..."

ఫోన్లోనే చెప్పింది. "మే, విన్యావా? నీ కొడుకు నిద్రపోవల్లని మనిద్దరి నోళ్ళు మూసినాడు!"

లోపలి నుంచి అమ్మ నవ్వు! ఎన్నాళ్ళయింది ఆ నవ్వు విని. సంతోషమూ వేసింది, సిగ్గుతో తల ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియలేదు.

ముగ్గురం ఓళిగలు తింటున్నాము. బెల్లం నిజంగానే మరీ ఎక్కువైంది. అమ్మ నోరెత్తితే ఒట్టు. అంతలో నా సెల్ మోగింది. టెక్నీషియన్.

"సార్, మీ కంప్లైంట్ ఇంకా ఓపెన్‌గానే ఉండాది. ఈ పొద్దు వచ్చేదా?"

"వద్దప్పా. సరిపోయింది."

"హౌదా సార్, నిజమా? ప్రాబ్లం యాడ ఉండె?"

అక్కాచెల్లెళ్ళిద్దరూ తినడం ఆపి నా వైపే చూస్తున్నారు. అబద్ధం చెప్పే దారి లేదు.

"ఆ ప్రాబ్లమే ఇప్పుడు నీతో మాట్లాడతాండాది కదప్పా," అన్నాను.