పచ్చి వెల్లుల్లి కూరకు ఉప్పు చూసేదెవరు

నాంపల్లి స్టేషన్ వెనక సందులో కమల నడిపే కర్రీ పాయింట్‌కు బోర్డు లేదు. పెట్టిస్తానని భర్త కిషన్ ఏటా అంటాడు, వద్దని కమల ఏటా అంటుంది. పొద్దు వాలేసరికి లక్డీకాపూల్ ఆఫీసుల నుంచి ఇళ్లకు మళ్లేవాళ్లు తాళింపు వాసన పట్టుకుని ఆ సందులోకి తిరుగుతారు. ఇంటికి పోయి అన్నం ఒక్కటి వండుకుంటే చాలు, కూరా పప్పూ కమల దగ్గర కవర్లలో కట్టి సిద్ధంగా ఉంటాయి. ఇంత వాసన వస్తుంటే ఇంకా బోర్డు దేనికని ఆమె వాదన.

కిషన్ ఆబిడ్స్‌లో ఒక గుజరాతీ సేటు బట్టల దుకాణంలో చీరలు మడతపెట్టే రోజుల్లోనే కమల చేతివంట వాడకట్టుకంతా తెలుసు. చలి తగ్గే రోజుల్లో సేటు ఇంటి నుంచి ఏటా ఒక కట్ట పచ్చి వెల్లుల్లి వచ్చేది. ఇంకా గడ్డ కట్టని తెల్లటి మొదలు, పైన ఉల్లికాడల్లాంటి లేత ఆకు. దాన్ని ఏం చేసుకోవాలో మొదట్లో కమలకు తోచలేదు. ఆకును పొయ్యి ఆర్పాకే వెయ్యాలని సేటు భార్య ఒక్క మాట చెప్పింది. మిగతాదంతా కమల తనంతట తానే పట్టుకుంది. పల్లి నూనెలో తెల్ల మొదళ్లను మెత్తబడేదాకా వేయించి, పచ్చి శనగలు వేసి మగ్గనిచ్చి, వేయించి దంచిన నువ్వుల పొడి చల్లి, పొయ్యి ఆర్పి, తరిగిన ఆకు కలిపి మూత పెట్టేస్తుంది. ఎండు వెల్లుల్లికి ఉండే ఘాటు దానికి ఉండదు, ఒకరకమైన తియ్యటి కమ్మదనం ఉంటుంది. సేటు దుకాణం మూసేసి సొంతూరు వెళ్లిపోయాక ఆ కూరే వాళ్ల సంసారాన్ని నిలబెట్టింది. శివరాత్రి దగ్గరపడుతుంటే, పచ్చి ఎల్లిగడ్డ ఇంకా దిగలేదా అని అడిగేవాళ్లతో కమలకు ఊపిరాడదు.

ఇంత పేరున్న మనిషి పొయ్యి మీది కూరను ఒక్కనాడూ నోట్లో వేసుకుని చూడలేదంటే ఎవరూ నమ్మరు. కానీ నిజం. వండినామె ముందు తింటే ఇంట్లో బర్కత్ ఉండదని, ఉన్నది నిలవదని కాపురానికి వచ్చిన కొత్తలోనే అత్తగారు చెప్పింది. అత్తగారు గయ్యాళేమీ కాదు, తన అత్త చెప్పింది కాబట్టి ఆమె కూడా అందరి తర్వాతే తిన్నది. కాబట్టి ఉప్పు చూసే పని కిషన్‌ది. కమల గరిటెతో పైనుంచి అరచేతిలో రెండు చుక్కలు వేస్తే, ఆయన నాలుకకు రాసుకుని, కళ్లు మూసుకుని, జడ్జి తీర్పు చెప్పినట్టు "సరిపోయింది" అనేవాడు. ఆ ఇంట్లో కిషన్‌కున్న పెద్ద హోదా అదే. కమల మాత్రం అందరివీ అయ్యాక, గిన్నెలు తోముకునే ముందు, అడుగున మిగిలిన చల్లటి కూరను అన్నంలో కలుపుకునేది. అది లోటని ఆమెకు తోచలేదు. తోచే తీరిక ఎక్కడిది?

గొడవంతా దసరా తర్వాత మొదలైంది. కిషన్‌కు బీపీ ఉందని దవాఖానలో చెప్పారు, ఉప్పు సగానికి సగం తగ్గించమన్నారు. కమల ఆయనకు విడిగా చప్పగా వండిపెట్టసాగింది. మొదట్లో ముఖం ముడుచుకున్న కిషన్ చలి ముదిరేసరికి ఆ చప్పదనానికే అలవాటు పడ్డాడు. పడితే పడ్డాడు, ఆ నాలుకతోనే దుకాణం కూరలకూ తీర్పు చెప్పడం మానలేదు. ఉప్పెక్కువైంది అనేవాడు. మరునాడు కమల తగ్గించేది. మళ్లీ ఎక్కువైందనేవాడు, మళ్లీ తగ్గించేది. కాపురానికి వచ్చింది మొదలు ఏనాడూ తప్పు చెప్పని నాలుకను ఆమె ఎందుకు శంకిస్తుంది?

సాయంత్రాలు రద్దీ పలచబడింది. ఎండలు మొదలవుతున్నాయి, జనానికి కూర మీదికి మనసు పోవడం లేదేమో అని కమల సర్దిచెప్పుకుంది. చివరికి జితేందర్ నోరు విప్పాడు. లక్డీకాపూల్‌లో ఒక సర్కారు ఆఫీసులో పనిచేసే ఆయన, కర్రీ పాయింట్ తెరిచిన మొదటి రోజు నుంచి వస్తున్న మనిషి. కవరును ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంటూ చాలాసేపు నిలబడ్డాడు.

"అక్కా, జర తప్పు వట్టకు. ఈ నడుమ మా ఇంట్ల ఉప్పుడబ్బ పళ్లెం పక్కకే పెట్టుకొని తింటున్నం."

కమలకు తల కొట్టేసినట్టయింది. వెంటనే పై వాటాలో ఉండే రత్నమణిని పిలిచింది. రత్నమణి మెదక్ మనిషి, క్రైస్తవురాలు, మిషన్ మీద బట్టలు కుడుతుంది, కమలకు తోబుట్టువు కంటే ఎక్కువ. అరచేతిలో వేసిన పప్పు నాలుకకు తగలగానే ఆమె కిషన్ వైపు జాలిగా చూసింది. ఆ చూపుతోనే ఉప్పు చూసే కిషన్ ఉద్యోగం ఊడింది. ఆయన కొన్నాళ్లు అలిగి, మొజంజాహీ మార్కెట్ దాకా ఒంటరిగా నడిచివెళ్లి ఐస్‌క్రీం తిని వచ్చేవాడు. దాంట్లో ఉప్పుండదు కదా అని కమల ఊరుకుంది.

రత్నమణి ఉప్పు చూడడం మొదలుపెట్టాక కూరలు మళ్లీ దారికి వచ్చాయి. పోయినవాళ్లలో కొందరు తిరిగి వచ్చారు, చాలామంది రాలేదు. అప్పుడే జితేందర్ ఒక కబురు తెచ్చాడు. ఆఫీసులో పెద్ద సారు రిటైర్ అవుతున్నాడు, ఆ రోజు మధ్యాహ్నం అందరికీ భోజనం. ఆమె కూరలు మునుపటిలా లేవు, హోటల్ నుంచి తెప్పిద్దాం అని సగంమంది అన్నారట. తానే పూచీపడి ఒప్పించాడు. తన మాట పోనివ్వొద్దని మాత్రం అడిగాడు. ఈ భోజనం చెడితే ఆ ఆఫీసు జనం ఇక సందు వైపు రారని, వాళ్లు రాకపోతే పొయ్యి వెలిగించి లాభం లేదని కమలకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ రోజు తెల్లవారకముందే లేచి బేగంబజారు దారిలో కూరగాయలు కుప్ప పోసి అమ్మే ఆడవాళ్ల దగ్గరికి వెళ్లింది. పచ్చి వెల్లుల్లి కట్టలు మట్టి తడి ఆరకుండా ఉన్నాయి. పచ్చి శనగలు, గుప్పున వాసన కొట్టే సోయకూర, ఆ ఏడాది మొదటి పచ్చి మామిడికాయలు తెచ్చింది. కిషన్ అలక మరిచి శనగలు ఒలిచాడు. పొద్దెక్కేసరికి సోయకూర పెసరపప్పు, మామిడికాయ పులుసు పొయ్యి మీద ఉడుకుతున్నాయి, పచ్చి వెల్లుల్లి కూర అప్పుడే ఆకు కలిపి మూత పెట్టి ఉంది. కమల మెట్ల దగ్గరికి వెళ్లి రత్నమణిని పిలిచింది.

రత్నమణి దిగి వచ్చి, గరిటె చూసి, చేతులు వెనక్కి పెట్టుకుంది. ఆ రోజు భస్మ బుధవారం. ఈస్టర్‌కు ముందు ఉపవాసాలుండే శ్రమదినాలు ఆమెకు మొదలయ్యాయి, సాయంత్రం ప్రార్థన అయ్యేదాకా నోట్లో ఏదీ పెట్టదు. ఏటా చూస్తున్నదే అయినా పని హడావిడిలో కమలకు గుర్తే లేదు. కావాలంటే వాసన చూస్తానంది రత్నమణి. ఇంతలో కిషన్ ఆశగా అరచెయ్యి చాచాడు. ఇద్దరూ ఆయనను పట్టించుకోలేదు. తినగలిగినవాడి నాలుక పనికిరాదు, నాలుక బాగున్నామెకు ఉపవాసం, వండినామె తినకూడదు. గిన్నెలు తీసుకెళ్లే ఆటో వచ్చే వేళవుతోంది.

"ఎల్లిగడ్డ కూర నువ్వు దేవునికి పెట్టవు గదా," అంది రత్నమణి. "మరి ఎవలకంటే ముందు తింటవని నీ భయం?"

"కొనేటోళ్లకంటె ముందు తినుడే గద, అక్కా."

"వాళ్లు ఉప్పుడబ్బ పక్కకు పెట్టుకొని తిన్నరు, కమలా. గీ పూట నువ్వు ముందు తింటెనే వాళ్లకు బర్కత్."

కమల పొయ్యి వైపు తిరిగింది. అత్తగారు గుమ్మంలో నిలబడి చూస్తున్నట్టే అనిపించింది. లోపలే ఆమెకు క్షమాపణ చెప్పుకుని, ఎడమ చేత్తో గరిటె ఎత్తి, తన కుడి అరచేతిలో వెల్లుల్లి కూర కొద్దిగా వేసుకుంది. చురుక్కుమంది. నాలుక మీద పెట్టుకుంది.

ఉప్పు చాలలేదు. ఆ సంగతి వెంటనే తెలిసింది. కానీ ఆమె ఉప్పు అందుకోలేదు, అలాగే నిలబడిపోయింది. శనగ పైపొర పళ్ల కింద చిట్లి లోపలి పాలు బయటికి వచ్చాయి. ఆకు ఇంకా పచ్చిగా, వేడిగా, తియ్యగా ఉంది. ఆమెకు తెలిసిన కూర ఇది కాదు. ఆమెకు తెలిసింది చల్లారి, ఆకు నల్లబడి, నూనె తేలిన గిన్నె అడుగు.

"ఇన్నేండ్ల సంది మీరంత తినేది గిదా?" అంది.

కిషన్ తల వంచుకున్నాడు. కమలకు ముందు కోపం వచ్చింది, ఎవరి మీదని తేల్చుకోలేని కోపం. ఆ వెనకే సంతోషం ఎంత వచ్చిందంటే, కొంగుతో కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది. తర్వాత ఉప్పు వేసింది. కలిపి మళ్లీ చూసింది. పప్పు చూసింది, పులుసు చూసింది. పులుసుకు కాస్త బెల్లం తగిలించింది. ఇక చాలని రత్నమణి నవ్వేదాకా చూస్తూనే ఉంది.

గిన్నెలకు మూతలు కట్టే ముందు వెల్లుల్లి కూర ఒక పెద్ద గిన్నెడు తీసి పక్కన పెట్టుకుంది. కిషన్ చూసి, మిగతా గిన్నెలు ఆటోలోకి మోశాడు. ఆటో వెళ్లిపోయింది. రత్నమణి మిషన్ దగ్గరికి వెళ్లింది. కమల పొగలు కక్కే అన్నం పెట్టుకుని, పట్టపగలు, నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుంది.

సగం తింటుండగా కిషన్ ఫోన్ మోగింది. జితేందర్. అవతల ఒకటే గోల, పళ్లేల చప్పుడు. కిషన్ విని, ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి, ముఖం వెలిగిపోతుండగా చెప్పాడు. పచ్చి ఎల్లిగడ్డ కూర గిన్నె ఖాళీ అయిందట. పెద్ద సారు మళ్లీ అడుగుతున్నాడట. వచ్చే వారం ఇంకో విందు కూడా మనకే అంటున్నారట. ఇప్పుడు ఇంట్లో ఇంకేమైనా మిగిలి ఉంటే ఆటోలో పంపమంటున్నారు.

చెప్తూ చెప్తూ కమల ముందున్న గిన్నె వైపు చూశాడు. ఇంకా సగానికి పైనే ఉంది.

కమల ముద్ద కలుపుకుంది.

"లేదని చెప్పు," అంది. "నేను తింటున్న."