రాజుగారి ఎడమ స్పీకర్

అది 2023వ సంవత్సరం, వానలు తగ్గుముఖం పట్టిన రోజులు. తాడేపల్లిగూడెంలో స్టేషన్‌కి కాస్త దూరంగా, ఒక ఫ్యాన్సీ షాపు మేడ మీద నా రిపేరు గది ఉంది. ముప్పై ఏళ్లుగా అక్కడే యాంప్లిఫయర్లు, టేప్ డెక్‌లు, స్పీకర్లు బాగుచేస్తున్నాను. పాటలన్నీ ఫోన్లలోకి వెళ్లిపోయాక కూడా ఈ పని ఉందా అని చాలామంది అడుగుతారు. ఉంది. పెద్ద స్పీకర్ల ముందు కూర్చుని పాట వినడానికి అలవాటుపడిన మనిషి అరచేతిలో పట్టే డబ్బాతో తృప్తి పడడు. అలాంటివాళ్లు ఏలూరు నుంచి, తణుకు నుంచి, కొల్లేటి ఒడ్డు ఊళ్ల నుంచి కూడా సెట్లు మోసుకొస్తారు.

భాస్కరరాజు గారు అలాంటి మనిషే. గణపవరం దగ్గర ఊరు. వరి పొలం, రెండు చేపల చెరువులు. అరవైకి దగ్గర పడుతున్న వయసు. పొద్దున్నే చెరువుల మీదికి వెళ్లొచ్చి, స్నానం చేసి, టిఫిన్‌కి ముందు అరగంట పాటలు వినడం ఆయన అలవాటు. ఆ అరగంటలో ఇంట్లో ఎవరూ ఆయనతో మాట్లాడరు.

ఆ ఏడాది ఆయన సెట్టులో పాట మధ్యలో చిటపటలు వస్తున్నాయని తెచ్చారు. సెట్టు ఆన్ చేశాక రెండు మూడు సెకన్లకు లోపల టక్కుమని చప్పుడవుతుంది. అది రిలే. లోపల ఏదైనా తేడా వస్తే స్పీకర్లు కాలిపోకుండా లైన్ తప్పించే చిన్న స్విచ్చు. చెరువుల పక్క ఇల్లు, ఎప్పుడూ తేమ గాలి. రిలే లోపలి పాయింట్లు నల్లబడిపోయాయి. కొత్తది వేసి, వాల్యూమ్ కంట్రోల్ శుభ్రం చేసి ఇచ్చాను. నా గదిలోనే ఒక పాట మొత్తం విని, సంతోషంగా తీసుకెళ్లారు.

పది రోజులు కాలేదు, ఒక సోమవారం ఫోన్ చేశారు. ఎడమ స్పీకర్ బాగా తగ్గిపోయిందన్నారు. అంతేకాదు, అటు పక్క నుంచి సన్నగా హమ్ కూడా వస్తోందట. హమ్ అంటే పాట వెనకాల ఆగకుండా వినిపించే గుయ్యిమనే మోత. సరే తీసుకురండి అన్నాను.

మంగళవారం కారులో వేసుకుని వచ్చారు. స్టీరియో అంటే రెండు చానళ్లు, ఎడమ స్పీకర్‌కి ఒక దారి, కుడి స్పీకర్‌కి ఇంకో దారి. రెండు దారుల్లోకీ ఒకే శబ్దం పంపి స్కోప్ పెట్టి చూశాను. స్కోప్ తెర మీద ఆ శబ్దం అలలా కనిపిస్తుంది. రెండు అలలూ ఒకే ఎత్తులో ఉన్నాయి. హమ్ జాడ లేదు. నా స్పీకర్లు తగిలించి ఆయన్ని కూర్చోబెట్టాను. కాసేపు తల పక్కకు పెట్టి విని, ఇక్కడా అంతేనండి, ఎడమ పక్క రావట్లేదు అన్నారు.

నాకు బాగానే వినిపిస్తోంది. ఆ మాట చెబితే ఆయన ముఖం చిన్నబుచ్చుకున్నారు. ఒకసారి రిపేరైన సెట్టు మీద కొందరికి అనుమానం పోదు. ప్రతి చిన్న మార్పూ మెకానిక్ పాడుచేసిందేనని తోస్తుంది. రాజుగారిదీ అదే జబ్బని మనసులో అనుకున్నాను. అయినా సెట్టు ఉంచుకుని, అవసరం లేకపోయినా ఎడమ చానల్ అతుకులన్నీ మళ్లీ వేడిచేసి కొత్తగా టంకం వేశాను. బుధవారం పట్టుకెళ్లారు. గురువారం మళ్లీ ఫోన్. ఈసారి గొంతులో మునుపటి మెత్తదనం లేదు.

"మూర్తిగారూ, మీ వల్ల కాదంటే చెప్పేయండి. తప్పేం లేదు. ఏలూరులో ఇంకెవరికైనా చూపించుకుంటాను."

ముప్పై ఏళ్లలో నాతో ఎవరూ ఆ మాట అనలేదు. శుక్రవారం పొద్దున్నే టూల్స్ సంచి బండికి తగిలించుకుని వాళ్ల ఊరు వెళ్లాను. తప్పు నా పనిలో లేదని ఆయన ఇంట్లోనే, ఆయన ఎదురుగానే తేల్చాలన్నది నా పట్టుదల.

హాల్లో గోడకి అటూ ఇటూ రెండు పెద్ద చెక్క స్పీకర్లు, ఎదురుగా ఆయన కుర్చీ. ముందు స్పీకర్ వైర్లు అటుది ఇటు మార్చాను. లోపం యాంప్లిఫయర్‌లో ఉంటే, ఇప్పుడు తగ్గాల్సింది కుడి పక్క. రాజుగారు విని, ఎడమే తగ్గుతోంది అన్నారు. అయితే లోపం స్పీకర్‌లో ఉండాలి. ఇద్దరం కలిసి ఆ రెండు బరువైన పెట్టెలనూ అటుది ఇటు, ఇటుది అటు జరిపాం. ఆయన చెమట తుడుచుకుని కూర్చుని విన్నారు. మళ్లీ ఎడమే.

యాంప్లిఫయర్‌లో లేదు, వైర్లలో లేదు, స్పీకర్లలో లేదు. ఇంకెక్కడుంది?

అప్పుడు వంటింటి గుమ్మంలోంచి ఆయన భార్య సుభద్ర గారు మెల్లగా అన్నారు, "నాకైతే రెండూ ఒకేలా వినబడుతున్నాయండి. సోమవారం నుంచీ చెప్తున్నాను ఈయనకి."

"నీకు పాటల సంగతేం తెలుసు?" అన్నారు రాజుగారు, విసుగ్గానే.

ఆవిడ మాట విన్నాక నేను ఊరుకోలేకపోయాను. పాట ఆపి, వాల్యూమ్ సున్నాకి తెచ్చి, హమ్ ఉందా అని అడిగాను. ఉందన్నారు. సెట్టు స్విచ్ ఆపి అడిగాను. ఉందన్నారు. గోడ దగ్గరికి వెళ్లి ప్లగ్ పీకేశాను. వైరు చేతిలో పట్టుకుని ఆయన ముందుకు వచ్చి నిలబడ్డాను.

"ఇప్పుడు వస్తోందాండీ, హమ్?"

"వస్తోంది. ఎడమ పక్కనే," అన్నారాయన. అంటూనే నా చేతిలోని ప్లగ్ చూశారు.

ఆయన జేబులోంచి ఫోన్ తీసి, ఏదో పాట పెట్టి కుడి చెవి దగ్గర పెట్టుకున్నారు. ఎప్పుడూ ఆ చెవికే ఫోన్ పెట్టుకుని మాట్లాడతారట. తర్వాత ఎడమ చెవికి మార్చారు. ఫోన్ తీసి తెర చూసుకున్నారు, పాట ఆగిపోయిందేమోనని. ఆగలేదు.

అడిగితే అప్పుడు చెప్పారు. సోమవారం నిద్ర లేచేసరికి చెవి దిబ్బడేసినట్టుందట. జలుబనుకుని ఆవిరి పట్టారట. డాక్టర్ దగ్గరికి ఇప్పుడే వెళదామండీ అంటే తల అడ్డంగా ఊపారు. మర్నాడు చెరువులో చేపల పట్టుబడి. వలల వాళ్లకి అప్పటికే చెప్పి, ఐసు, లారీ మాట్లాడి పెట్టారు. చేపలు ఎక్కించాక సోమవారం చూసుకుందాంలే అన్నారు. చెవి సంగతి నాకు తెలియదు. కానీ పూర్తిగా చచ్చిపోక ముందే వచ్చిన సెట్టుకీ, చచ్చిపోయాక వచ్చిన సెట్టుకీ తేడా తెలుసు. ఆ మాటే చెప్పాను. ఆయన కదల్లేదు.

సుభద్ర గారు లోపలికి వెళ్లి కారు తాళాలు తెచ్చి ఆయన ఒళ్లో పెట్టారు.

"పట్టుబడి నేను చూసుకుంటాను. లెక్క రాయడం నాకు రాదా, తూకం చూడడం రాదా? మీరు ముందు వెళ్లండి."

ఆయన ఆవిడ ముఖంలోకి చూసి, తాళాలు తీసుకుని లేచారు. ఆయన్ని ఒక్కరినే పంపడం ఇష్టంలేక నేనూ కారెక్కాను. ఏలూరు దగ్గర పడుతుండగా, "మిమ్మల్ని ఊరికే మాటన్నాను మూర్తిగారూ," అన్నారు. నేను ఆయనకి ఎడమ పక్కన కూర్చున్నాను. నా జవాబు ఆయనకి వినబడలేదు.

చెవి డాక్టరు గారు చిన్నావిడ. పరీక్షలన్నీ చేసి, ఇలా ఉన్నట్టుండి ఒక చెవి వినికిడి పడిపోవడం ఉంటుందని, చాలామంది జలుబనుకుని నెలలు గడిపేసి వస్తారని చెప్పారు. పూర్తిగా తిరిగొస్తుందని మాట ఇవ్వలేనన్నారు. కానీ ఐదో రోజునే వచ్చారు కాబట్టి ఆశ ఉందన్నారు. మందులు రాస్తూ, ఎవరు పంపారని అడిగారు. మా స్టీరియో మెకానిక్కండి అని రాజుగారు నా వైపు చూపించారు. ఆవిడ పెన్ను ఆపి నన్నొకసారి చూశారు.

వారం పాటు ఏ కబురూ లేదు. నాకై నేను ఫోన్ చేయడానికి ధైర్యం చాలలేదు. తొమ్మిదో రోజు సుభద్ర గారే చేశారు. చెవిలో మోత తగ్గిందట, గోడ గడియారం చప్పుడు ఎడమ చెవికి అందిందట. ఆ తర్వాత రోజు రోజుకీ కొంచెం కొంచెం. రెండు నెలలకి చాలావరకు తిరిగొచ్చింది. పాటలో కంచు తాళాల చప్పుడు, వేణువు పై స్వరాలు మాత్రం అటు పక్క ఇప్పటికీ పలచగానే వినిపిస్తాయి. దానికి నేను చేయగలిగింది ఒకటుంది. బ్యాలెన్స్ అని ఒక నాబ్ ఉంటుంది, శబ్దాన్ని ఒక పక్కకి కాస్త ఎక్కువగా పంపడానికి. వాళ్లింటికి వెళ్లి, ఆయన సరే అనేదాకా దాన్ని ఎడమకి జరుపుతూ, ఆగిన చోట చిన్న గుర్తు పెట్టి వచ్చాను.

ఆనాటి నుంచి, ఒక పక్క తగ్గిందని ఎవరైనా వస్తే స్క్రూడ్రైవర్ తీసే ముందు వాళ్లని కుర్చీలో వెనక్కి తిరిగి కూర్చోమంటాను. తగ్గిన పక్క వాళ్లతో పాటే తిరిగి, అప్పుడూ అదే చెవి వైపు ఉందంటే ముందు చెవి చూపించుకోమంటాను. అలా ఇద్దరిని పంపాను. ఒకాయనకి గుబిలి తీస్తే సరిపోయింది. వచ్చి నవ్వుతూ చెప్పి వెళ్లారు.

ఇది తెలివితేటల కథ అనుకుంటారేమో, కాదు. మంగళవారం నా స్కోప్ తెర మీద రెండు అలలు సమానంగా కనిపించగానే, రాజుగారు చెప్పేది తప్పని తేల్చేసుకున్నాను. నా పని బాగుందని రుజువు చేయడానికే మూడు రోజులు పోగొట్టాను. ఆయన చెప్పినది మొదటి రోజు నుంచీ అక్షరాలా నిజం. ఎడమ పక్క తగ్గింది, హమ్ వస్తోంది. మనిషి బాధ చెప్పినప్పుడు అందులో నిజం ఉంటుంది. అది ఎక్కడుందో వెతకడమే నా పని.