బావ ముందు తీయమన్న ఫోల్డర్

బోయిగూడలో మా బావకు ఫోటో స్టూడియో ఉంది. ఈ రోజు మధ్యాహ్నం అక్కడి కంప్యూటర్ మొరాయించింది. లాలాగూడ వాళ్ల పెళ్లి ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి. ముహూర్తాల సీజన్ కదా, కెమెరా కార్డులు చెరిపేసి మర్నాడే ఇంకో పెళ్లికి వాడేశాడు.

బావ పిలిస్తే వెళ్లి, విండోస్ బదులు నా పెన్‌డ్రైవ్‌లో ఉండే చిన్న లినక్స్ సిస్టమ్‌తో కంప్యూటర్ తెరిచాను. హార్డ్ డిస్క్ టిక్కుటిక్కుమంటూనే ఫోల్డర్లు చూపించింది. ఏ క్షణాన ఆగిపోతుందో తెలియదు. బావ వాళ్ల నాన్న పోయిన ఏడాది చనిపోయారు. ఆయన వీడియోలు కూడా అందులోనే ఉన్నాయి. వాటికి ఇంకో కాపీ లేదు.

"బావా, ముందు మీ నాయినయి తీస్తా. నాలుగైదు చిన్న వీడియోలే," అన్నాను.

"వద్దు బామ్మర్ది. ముందు పెండ్లి తియ్యి. ఆళ్లు మనల నమ్మి ఇచ్చిండ్రు."

టేబుల్ కదులుతుందేమోనని బావ దాని మీదున్న ఫ్యాన్ కూడా ఆపేశాడు. చెమటలు కక్కుతూ ఇద్దరం తెర వైపే చూస్తూ కూర్చున్నాం. పెళ్లి ఫోటోలన్నీ ఇంకో డ్రైవ్‌లోకి వచ్చాయి. వాళ్ల నాన్న ఫోల్డర్ మీద నొక్కేసరికి ఆ టిక్కుటిక్కు ఆగిపోయింది. ఎన్నిసార్లు ప్రయత్నించినా డిస్క్ మళ్లీ కనబడలేదు.

బావ లేచి ఫ్యాన్ వేశాడు. లాలాగూడకు ఫోన్ చేసి, "ఫోటోలు మంచిగొచ్చినయమ్మా. ఆల్బం పని షురూ చేస్తున్న," అన్నాడు.

నేనైతే మా నాన్న వీడియోలే ముందు తీసేవాణ్ని. మీరైతే ఏది తీసేవారు? కామెంట్లో అబద్ధం చెప్పకండి.