మూత తీయని పన్నెండు రోజులు

కట్టయ్య కాళ్ళకు కుదురు లేదు. ముప్ఫై మూడేళ్ళు కాజీపేటలో కీమెన్‌గా చేసిన మనిషి. పొద్దున్నే సుత్తె భుజాన వేసుకొని రైలు పట్టాల వెంట మైళ్ళు నడవడం, పట్టాను పట్టి ఉంచే ఇనుప కీ వదులైతే కొట్టి బిగించడం, అదీ ఆయన పని. రిటైరై రెండేళ్ళయినా ఆ సంగతి కాళ్ళు ఇంకా ఒప్పుకోలేదు. కాలుగాలిన పిల్లిలా వాకిట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి వాకిట్లోకి తిరుగుతూనే ఉంటాడు.

"నీ నడకకు బండలు అరుగుతానయ్," అంటుంది భార్య సమ్మమ్మ.

ఆ తిరుగుడు చూడలేకే కూతురు దీప ఆయన్ని హనుమకొండలో తేనెటీగల శిక్షణకు పంపింది. అక్కణ్ణుంచి ఒక పెట్టె తెచ్చుకొని జామచెట్టు కింద పెట్టుకున్నాడు. రెండో పెట్టెలోని ఈగలు మాత్రం ఆయన స్వయంగా పట్టి తెచ్చినవి. పాత రైల్వే గేటు కేబిన్ కూలగొడుతూ, గోడ తొర్రలో ఉన్న తేనెపట్టుకు కూలీలు మంట పెట్టబోతుంటే అడ్డంపడి తెచ్చాడు. ఆ కేబిన్ నీడలో ఎన్ని ఎండాకాలాలు సద్ది తిన్నాడో ఆయనకే తెలుసు. అందుకే మొదటి పెట్టె ఎంత బలిసినా, ఆయన ప్రాణమంతా ఈ రెండోదాని మీదే.

వానలు వెళ్ళేసరికి అదే చిక్కిపోయింది. పెట్టెలో పట్టు కట్టుకునే చెక్క ఫ్రేములు ఎనిమిదుంటే ఈగలు రెండింటి మీదే మిగిలాయి. శిక్షణ ఇచ్చిన పద్మలత మేడమ్ వచ్చి చూసింది.

"కాకా, దీన్ని రోజూ తెరుస్తున్నవా?"

"తెరవకుంటే లోపల ఏమైతాందో ఎట్ల తెలుస్తది మేడమ్?"

"మూత లేపినప్పుడల్లా లోపలి వెచ్చదనం పోతది. మళ్ళ కాగబెట్టుకునుడే వాటికి పనైతది. ఇంక తిండికెప్పుడు పోవాలె?"

బాగోగులు చూస్తున్నాననుకుంటూ తానే వాటిని చంపుతున్నాడన్నమాట. ఆ మాట ఆయనకు ఎక్కడో గుచ్చుకుంది.

ఇద్దరూ కలిసి బలమైన పెట్టెలోంచి రేపో మాపో బయటికొచ్చే పిల్లలున్న ఫ్రేము ఒకటి తీశారు. మీదున్న ఈగలను దులిపేసి, బక్క పెట్టెలోకి దింపారు. ఖాళీ ఫ్రేములు తీసేశారు. పెట్టె వాకిలి వేలెడు సందు మిగిల్చి మూశారు. మూతకున్న చిల్లు మీద చక్కెర నీళ్ళ సీసా బోర్లించారు.

"కొత్త పిల్లలు లేచి పనిల పడేదాక పన్నెండు రోజులు మూత ముట్టకు కాకా. మల్ల సతాయిస్తే పెట్టె ఇడిసి లేచిపోతయి," అని చెప్పి వెళ్ళింది.

ఆమె ఆటో ఎక్కిందో లేదో ఆయనకు అనుమానం పుట్టింది. ఫ్రేము దింపింది తన చేత్తోనే. దింపుతుంటే అది పక్కకు ఒరిగింది. రాణి ఈగ గానీ నలిగిపోయిందా? రాణి పోతే ఈ గుంపు పోయినట్టే. అనుమానం పెనుభూతమంటారు, కట్టయ్య దానికి పీట వేసి కూర్చోబెట్టాడు.

ఆయన భయానికి ఒక కారణముంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, దీప పుట్టిందని ఒక్కరోజు లీవు పెట్టాడు. ఆ రోజే ఆయన నడిచే దారిలో పట్టా చిట్లింది. దాని మీదుగా గూడ్సుబండి పోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ అప్పటినుంచి, కంటితో చూడని రోజే ఏదో విరుగుతుందని ఆయన నమ్మకం. మళ్ళీ లీవు అడిగితే ఒట్టు.

రోజుకు పదిసార్లు పెట్టె దగ్గరికి పోయేవాడు. మూత అంచు తడిమి చెయ్యి వెనక్కి తీసుకునేవాడు. అన్నం ముందు కూర్చుంటే చూపు పెరట్లో ఉండేది. ఆరో రోజు ఎవరికీ తెలియకుండా ఒక మూల కొంచెం ఎత్తబోయి, సమ్మమ్మ దగ్గు వినబడి, సీసా సర్దుతున్నట్టు నటించాడు.

తొమ్మిదో రోజు పొద్దున పెట్టె వాకిలి ముందు నాలుగు ఈగలు చచ్చి పడున్నాయి. ఇక ఆయన వల్ల కాలేదు. సీసా పక్కన పెట్టి రెండు చేతులూ మూత మీద వేశాడు. చాటలో బియ్యం చెరుగుతున్న సమ్మమ్మ అరవలేదు, లేవలేదు కూడా.

"ఒక్క మాట అడుగుత చెప్పు దీప నాయినా. ముప్ఫై మూడేండ్లు పట్టాల మీద తిరిగినవు గదా, లోపల చిట్లిందో లేదో ఎట్ల తెలుసుకున్నవు? ఏనాడన్న పట్టాను పలగ్గొట్టి చూసినవా?"

కట్టయ్య చేతులు ఆగిపోయాయి. పలగ్గొట్టడమేమిటి? సుత్తెతో ఒక్కటి వేసి చెవి ఒగ్గేవాడు. మంచి పట్టా మోత ఒకలా ఉండేది, చిట్లినదాని మోత ఇంకోలా.

సీసా యథాస్థానంలో పెట్టాడు. ముందు జామచెట్టు కింది బలమైన పెట్టె దగ్గరికి పోయి, చెవి ఆనించి, వేలి కణుపుతో టక్కున కొట్టాడు. లోపల ఒక్కసారి ఘుమ్మంది, వెంటనే సద్దుమణిగింది. ఆరోగ్యం మోత అదీ. ఇప్పుడు బక్కదాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కొట్టడానికి చాలాసేపు ధైర్యం చాలలేదు. చివరికి కొట్టాడు.

ఘుమ్. అంతే, ఊరుకుంది. మోత సన్నగా ఉంది కానీ తీరు అదే.

పద్మలతకు ఫోన్ చేసి చెప్పాడు. "రాణి లేకుంటే శానాసేపు ఏడ్చినట్టు మోగుతది కాకా. ఎంబడే ఊకున్నదంటే రాణి ఉన్నట్టే. ఫికర్ చెయ్యకు," అందామె. కట్టయ్య అక్కడే నేల మీద కూలబడి కళ్ళు తుడుచుకున్నాడు. ఒక ఈగ కాళ్ళకు పసుపు పుప్పొడి అంటించుకొని ఆ వేలెడు సందులోంచి లోపలికి దూరింది, దాని వెనక ఇంకోటి.

పన్నెండో రోజు పద్మలతే ఫోన్ చేసింది. "కాకా, ఇయ్యాల తెరిచి చూడొచ్చు."

కట్టయ్య ఆకాశం వైపు చూశాడు. "మబ్బు పట్టింది మేడమ్. చల్లగాలికి ఎందుకు తెరుసుడు? రేపు ఎండొస్తే చూస్త," అన్నాడు.

సమ్మమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది. "మరి ఇయ్యాల ఏం జేత్తవు?"

"ఇయ్యాల నాకు లీవు," అని కట్టయ్య వాకిట్లో మంచం వాల్చి, పట్టపగలే కాళ్ళు చాపుకొని పడుకున్నాడు.