తరుగు తీసిన ఊరు

2023 ఏప్రిల్‌లో మహేంద్రమంగళం దాటి ఉన్న ఒక చిన్న పల్లెకు రూట్ సర్వేకు వెళ్లాను. నేను తమిళనాడులోని ధర్మపురిలో బస్ డిపో గుమాస్తాను. రూట్ సర్వే అంటే, బస్సు కావాలని ఏదైనా ఊరు అర్జీ పెట్టుకుంటే అక్కడ జనమెంత, రోజుకు ఎంతమంది ఎక్కుతారు అని చూసి రాసివ్వడం. ఆ ఎక్కేవాళ్ల సంఖ్యను మేము లోడ్ అంటాం. లోడ్ చాలకపోతే అర్జీ అక్కడితో ఆగిపోతుంది.

మాది మూడు తరాల కిరాణా కొట్టు. ఎవరు ఏ అంకె చెప్పినా అందులో కొంత గాలి ఉంటుందని నాకు ఉగ్గుపాలతో నేర్పారు. బస్సు కావాలనుకునే ఊరు జనాన్ని పెంచి చెబుతుంది. పెంచని ఊరిని నా పాతికేళ్ల సర్వీసులో చూడలేదు. అందుకే చెప్పిన లెక్కలో పావు వంతు తరుగు తీసి రాసేవాణ్ణి. దీన్ని అనుభవం అనుకునేవాణ్ణి. మా ఆవిడ మాత్రం నా బేరాలకు సిగ్గుపడి కూరగాయల బండి దగ్గర నా పక్కన నిలబడటం మానేసి చాలా కాలమైంది.

ఆ పల్లెలో ఉన్నది మన తెలుగువాళ్లే, మేకలు కాచుకునే కుటుంబాలు. మెయిన్ రోడ్డుకు నాలుగు కిలోమీటర్లు, దారంతా తుప్పలు. ఇల్లిల్లూ తిరిగి అడిగాను, చెప్పింది రాసుకున్నాను, తరుగు తీశాను. లోడ్ చాలదని రిపోర్టు రాసి మేనేజర్ సంతకానికి పెట్టాను.

మూడో రోజు ఆ ఊరి చెన్నమ్మ అనే ముసలావిడ మనవరాలిని వెంటబెట్టుకుని డిపోకు వచ్చింది.

"బస్సు ఎప్పుడొస్తాది సామీ? ఈ పాప పది రాసింది. పాలక్కోడులో ప్లస్ వన్ చేరాల. బస్సు లేకుంటే పంపనంటాడు వాళ్ల నాయన. తుప్పల్లో ఒంటిగా ఎట్ల పంపేది?"

"ఏం చేసేది అవ్వా, మీ ఊర్లో జనం లేరే. మీ ఇంట్లోనే ఐదుగురు అంటివి."

పాప ముసిముసిగా నవ్వింది. "మేము తొమ్మిది మంది సార్."

"నోరు మూయే," అంది చెన్నమ్మ.

"మరి నాకు ఐదని ఎందుకు చెప్తివి?"

"బిడ్డల్ని ఎవురన్నా లెక్కబెట్టి చెప్తారా సామీ? దిష్టి తగలదా? మేకల్ని అడిగినా తగ్గించే చెప్తాము. మా ఊర్లో ఎవుర్నన్నా అడుగు."

అడిగే కదా వచ్చాను. దిష్టికి భయపడి వాళ్లు తగ్గించారు. దాని మీద నేను ఘనంగా పావు వంతు కోశాను.

"పోనీ, ఇప్పుడన్నా ఊరి లెక్క సరిగ్గా చెప్పు."

"చెప్పను."

"పాప చదువు?"

చెన్నమ్మ మనవరాలి వైపు చూసింది. "అంకె చెప్పను. పేర్లయితే చెప్తా. పేరుకు దిష్టి లేదు."

మేనేజర్ గదికి పరుగెత్తాను. నా రిపోర్టు ఫైళ్ల కట్ట అడుగున, సంతకం లేకుండా పడి ఉంది. మా ఆఫీసు ఆలస్యానికి నేను దండం పెట్టుకున్నది ఆ ఒక్కసారే.

మర్నాడు చెన్నమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని ఊరందరి పేర్లూ రాసుకున్నాను. ప్రతి పేరు పక్కన వాళ్లు ఎక్కడికి పోతారో కూడా: సంత, పాల సొసైటీ, ఆస్పత్రి, బడి.

"మునెమ్మ కడుపులో ఉండేదానికి ఇంకా పేరు పెట్టలే సామీ," అంది చెన్నమ్మ.

"దానికి టికెట్ లేదులే అవ్వా."

పాత రిపోర్టు పక్కన కొత్తది పెట్టి చూసి మేనేజర్ కళ్లద్దాలు సవరించుకున్నాడు. "వారంలో ఇంతమంది ఎలా పుట్టారయ్యా?" అని తమిళంలో అడిగాడు.

"పుట్టలేదు సార్. మొదటిసారి నేనే తీసేశాను."

బడులు తెరిచే వారంలో ఆ ఊరికి పొద్దున ఒక ట్రిప్, సాయంత్రం ఒక ట్రిప్ మొదలయ్యాయి. మొదటి రోజు పాలక్కోడు బస్టాండులో నిలబడి చూశాను. పాప సంచి భుజాన వేసుకుని దిగింది. నన్ను చూసి చెయ్యి ఊపింది. అప్పుడు గానీ నా గుండె కుదుటపడలేదు.

అప్పటినుంచి ఏ ఊరికి పోయినా ముందు పేర్లు రాసుకుంటాను. అంకె వినగానే ఇప్పటికీ నా చెయ్యి కోయడానికే లేస్తుంది. అది పుట్టుకతో వచ్చిన జబ్బు, మానదు. పేరులో పావు వంతు ఎలా తియ్యాలో మాత్రం మా కొట్లో ఎవరూ నేర్పలేదు.